అడగందే చట్నీ వేయరట!

ప్రశ్న: తిరుపతి రైల్వే స్టేషన్ దగ్గర నాన్న ముప్పై ఏళ్లు నడిపిన టిఫిన్ హోటల్‌ని ఆర్నెల్లుగా నేను చూసుకుంటున్నాను. దుబారా తగ్గాలని కొన్ని రూల్స్ పెట్టాను. డ్యూటీలో ఫోన్లు గల్లా దగ్గర పెట్టాలి, పది నిమిషాలు లేటైతే యాభై రూపాయలు కట్, కస్టమర్ అడగందే రెండోసారి చట్నీ, సాంబారు వేయకూడదు. ఎవరూ ఎదురు చెప్పలేదు, "సరే అన్నా" అన్నారు. అప్పటినుంచి పని నత్తనడక. గట్టిగా అడిగితే "నువ్వు చెప్పినట్టే చేస్తున్నాం కదన్నా" అంటారు. శని, ఆదివారాల్లో జనం లేచి పక్క హోటల్‌కి పోతున్నారు. ఇద్దరిని తీసేస్తే మిగతావాళ్లు దారికొస్తారా సార్?
– పేరు వద్దన్న పాఠకుడు, తిరుపతి

జవాబు: రారు. ఇంకా వినయంగా "సరే అన్నా" అంటారు, అంతే. బాబూ, మీ హోటల్లో సమ్మె జరుగుతోంది, మీకే ఆలస్యంగా తెలిసింది. యూనియన్లవాళ్లు దీన్ని 'వర్క్ టు రూల్' అంటారు, అంటే రూల్‌లో ఉన్నది అక్షరాలా చేయడం, లేనిది ముట్టుకోకపోవడం. మీ ఉత్తరం చదువుతుంటే కళ్లకు కట్టినట్టుంది. కొండ దిగొచ్చిన యాత్రికుడి ప్లేట్లో ఇడ్లీ సగం ఉంది, చట్నీ అయిపోయింది, ఆయన తలెత్తి చూస్తున్నాడు, సప్లయర్ చట్నీ బకెట్ పట్టుకుని పక్కనే నిలబడి గోడ మీద క్యాలెండర్‌లో స్వామిని దర్శనం చేసుకుంటున్నాడు. నోరు తెరిచి అడిగితే వేస్తాడు. మీరు పెట్టిన రూలే కదా!

పిండి అయిపోవస్తోందని మీ దోసె మాస్టరు ఒకప్పుడు తనే కేకేసి చెప్పేవాడేమో గుర్తు తెచ్చుకోండి. అది ఆయన జీతంలో లేదు. అలాంటి చిన్నచిన్న పనులు ఇన్నాళ్లూ ఊరికే చేసి పెట్టారు, ఇప్పుడు మానేశారు. ఇందులో ఎవరిమీద ఏమని కేసు పెడతారు మీరు?

గొడవ పడకుండా ఎదురునిలిచే ఈ విద్య మనవాళ్లకు కొత్తేమీ కాదు. 1921లో మున్సిపాలిటీ పన్నులు మోయలేమని చీరాల, పేరాల జనం దుగ్గిరాల గోపాలకృష్ణయ్య వెంట ఇళ్లు ఖాళీ చేసి ఊరి బయట పాకలు వేసుకుని, దానికి రామనగరమని పేరు పెట్టి నెలల తరబడి ఉన్నారు. పన్ను అడగడానికి వచ్చేవాడికి ఖాళీ ఇళ్లే మిగిలాయి.

మన ఊళ్లోనే చూడండి. గంగమ్మ జాతరలో వేషం కట్టినవాడు నడిబజార్లో బూతులు తిడితే ఎంత పెద్దమనిషైనా నవ్వుకుంటూ పోతాడు. కొండమీద వైకుంఠ ఏకాదశి అయిన ఆరో రోజు ప్రణయ కలహోత్సవంలో అలిగిన అమ్మవార్ల తరఫున స్వామి మీదికి పూలబంతులు విసురుతారు, నిందాస్తుతి చేస్తారు, ఆయన వెనక్కి జరుగుతాడు. (ఎవరికీ యాభై రూపాయలు కట్ చేసినట్టు వినలేదు.) మీ దగ్గర ఒక మాట అనేసే వీలు ఎక్కడుంది? అందుకే బకెట్ పట్టుకుని నిలబడ్డారు.

మధ్యాహ్నం రద్దీ తగ్గాక మాస్టరుతో కూర్చోండి, గల్లా దగ్గర వద్దు, వంటింట్లో. ఏ రూలు ఎక్కువ బాధపెట్టిందో అడిగి, చెప్పేదాకా ఆగండి. నా అనుమానం ఆ యాభై మీదే. తెల్లారి నాలుగింటికి డ్యూటీ ఎక్కేవాడికి పది నిమిషాల లెక్క చెబితే మండుతుంది. ఫోన్ల రూలు ఉంచుకోండి, ఇంటినుంచి కాల్ వస్తే పిలిచి ఇచ్చే ఏర్పాటు చేస్తే చాలు. చట్నీ రూల్ మాత్రం ఈరోజే చింపేయండి.

ప్రశ్న: ఇంట్లో మామిడి తాండ్ర, ఊరగాయలు చేసి ఒక పెద్ద షాపుకి వేస్తాను. 72 వేలు బాకీ. నాలుగు నెలలుగా "రేపు రా అక్కా" అంటున్నారు. షాపు ముందు కూర్చోనా?
– ఒక అక్క, చిత్తూరు

జవాబు: కూర్చుంటే ఒకరి పరువు పోతుంది, ఎవరిదో చెప్పలేం. 'రేపు' అనడం కూడా ఆ షాపాయన పోరాటమే, మీరు విసిగిపోయేదాకా సాగదీయడం. సరుకు వేయకముందే మీరు 'ఉద్యమ్' అనే ప్రభుత్వ పోర్టల్లో చిన్న పరిశ్రమగా రిజిస్టర్ అయ్యుంటే మీ చేయి పైనే. చిన్న పరిశ్రమల కోసం 2006లో వచ్చిన చట్టం ప్రకారం కాగితం మీద ఏం రాసుకున్నా గడువు 45 రోజులు మించకూడదు. మించితే రిజర్వ్ బ్యాంకు ప్రకటించే బ్యాంక్ రేటుకు మూడింతల వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. ఫిర్యాదు కేంద్ర చిన్న పరిశ్రమల శాఖ (ఎంఎస్ఎంఈ) పోర్టల్లో ఆన్‌లైన్‌లోనే పెట్టొచ్చు. ముందు ఈ మాట ఆయన చెవిన వేయండి, సగం పని అక్కడే అవుతుంది. ఈలోగా కొత్త సరుకు ఆపి, పాత బిల్లుల మీద సంతకం పెట్టించుకోండి. చెక్కు ఇస్తే తీసుకోండి. బౌన్స్ అయితే మాత్రం బ్యాంకు ఆ సంగతి చెప్పిన రోజునుంచి 30 రోజుల్లోపు ఆయనకు నోటీసు పంపాలి, అదొక్కటి మరవకండి.