కచ్ ఫొటో టూర్‌కు అమ్మాయిని పంపమంటారా?

ప్రశ్న: మాది విజయనగరం. మా అమ్మాయి బీఎస్సీ ఆఖరి సంవత్సరం చదువుతోంది. కాలేజీ పోటీల్లో ఫొటోలకు బహుమతులు తెచ్చుకుంది. ఈ జనవరిలో గుజరాత్‌లోని కచ్ సరిహద్దు ప్రాంతానికి ఎనిమిది మందితో వెళ్లే ఫొటోగ్రఫీ టూర్‌లో చేరతానంటోంది. వారానికి 58 వేలు, భుజ్ దాకా రానుపోను ఛార్జీలు మనవే. కొత్త లెన్స్‌కు ఇంకో 70 వేలట. డిగ్రీ అయ్యాక ఎంఎస్సీ చెయ్యను, ట్రావెల్ ఫొటోగ్రాఫర్‌ని అవుతాను, తర్వాత నేనే ఇలాంటి టూర్లు నడుపుతాను అంటోంది. నేను చిన్న ఉద్యోగిని. పాకిస్తాన్ బోర్డర్ అనేసరికి వాళ్లమ్మకి ఒకటే టెన్షన్. ఇది కెరీరా, సరదానా? టూర్ ప్లాన్ జతచేస్తున్నాను. పంపమంటారా?

జవాబు: ఈ జనవరిలో వద్దండి. వచ్చే శీతాకాలానికి పంపే ఆలోచన మాత్రం ఉంచుకోండి. లెన్స్ అసలు కొనకండి.

కెరీరా, సరదానా అని అడిగారు. టూర్‌కు వెళ్లడం సరదా, టూర్ నడపడం వృత్తి. మీరు డబ్బు కడుతున్నది మొదటిదానికి, మీ అమ్మాయి కోరుకుంటున్నది రెండోది. ఈ తేడా ముందు ఆవిడకు తెలియాలి.

ఇలాంటి చిన్న బృందాల టూర్లకు ఎక్కువగా వచ్చేది ఐటీలో స్థిరపడినవాళ్లు, డాక్టర్లు, రిటైరైన అధికారులు. ఖరీదైన కెమెరాలున్నాయి, వారం రోజుల సెలవు దొరికింది. తెల్లవారుజామున లేపి, వెలుగు బాగున్న వేళకు బాగున్న చోట నిలబెట్టే మనిషి కావాలి. ఆ సేవకు వాళ్లు డబ్బిస్తారు, అందులో తప్పేమీ లేదు. కానీ ఒకే తలపాగా పెద్దాయన ఎదుట ఎనిమిది మంది నిలబడి నొక్కితే ఎనిమిది ఫొటోలూ ఇంచుమించు ఒకేలా వస్తాయి. వాటిని పోర్ట్‌ఫోలియోలో పెట్టుకుని పనికోసం వెళితే, రోజూ వందల ఫొటోలు చూసే ఎడిటర్ ఇవి టూర్ ఫొటోలని ఇట్టే పట్టేస్తాడు.

మీరు పంపిన ప్లాన్ చదివాను. ఊళ్ల ఎంపిక బాగుంది, అందులో వంక పెట్టలేను. లఖ్‌పత్‌నే తీసుకోండి. ఏడు కిలోమీటర్ల కోటగోడ, లోపల చూస్తే పలుచగా జనం. ఒకప్పుడు సింధు నది పాయ ఒకటి అటుగా పారేది. దాని నీళ్లతో వరి పండేది, రేవు వ్యాపారం సాగేది. 1819 భూకంపంలో ఉత్తరాన నేల కట్టలా పైకి లేచి ఆ పాయకు అడ్డుపడింది. అల్లాబంద్ అంటారు దాన్ని. నీళ్లు పోయాయి, వ్యాపారం పోయింది, ఊరు ఖాళీ అయింది. అదే ఊళ్లో గురునానక్ బసచేశారని చెప్పే గురుద్వారా ఇప్పటికీ ఉంది. ప్లాన్‌లో ఈ ఊరికి రాసిన మాట ‘సాయంత్రం వెలుగులో కోటగోడలు’ అని మాత్రమే. నీళ్లు తరలిపోయిన సంగతి తెలిసినవాడు కెమెరాను గోడ మీదికి కాదు, గోడ అవతల ఎండిన నేల మీదికి తిప్పుతాడు.

అజ్రఖ్‌పూర్ కూడా అంతే. 2001 జనవరి 26 భూకంపం తర్వాత ధమడ్కా ఊరి నీళ్లు మారిపోయాయి. ఇనుము ఎక్కువైంది, రంగులు అనుకున్నట్టు తేలడం మానేశాయి. దాంతో అద్దకం పనివాళ్లు కొందరు భుజ్ దగ్గర కొత్త ఊరు కట్టుకున్నారు, అదే అజ్రఖ్‌పూర్. మన మచిలీపట్నం అద్దకం చూసిన అమ్మాయికి అక్కడి అచ్చులు, నీలిమందు తొట్టెలు, ఉతుకుడు రేవు చూస్తే వెంటనే పని అర్థమవుతుంది. ఆ అర్థమైన దాన్ని ఫొటోల్లో చెప్పాలంటే ఒకే వర్క్‌షాపులో కనీసం మూడు రోజులు కూర్చోవాలి. ప్లాన్‌లో ఇచ్చింది గంటన్నర.

భుజ్ పక్కనే ఉన్న మాధాపర్ ఊసే ప్లాన్‌లో లేదు. 1971 యుద్ధంలో పాకిస్తాన్ విమానాలు భుజ్ రన్‌వేను బాంబులతో పాడుచేస్తే, ఆ ఊరి ఆడవాళ్లు సుమారు 300 మంది 72 గంటల్లో దాన్ని బాగుచేసి పెట్టారు. సరిహద్దు చరిత్ర అని పేరు పెట్టుకున్న టూర్ ఆ ఊరి పక్కనుంచే వెళ్లిపోతుందన్నమాట! దీన్నిబట్టి నిర్వాహకులు చెడ్డవాళ్లని అనుకోకండి. తెల్లటి ఉప్పు నేల మీద పౌర్ణమి వెన్నెల కావాలనే కస్టమరుకు వాళ్లు అదే ఇస్తున్నారు. మీ అమ్మాయి మాత్రం ఆ కస్టమరు కాదు.

ఇక టూర్లు నడుపుతానన్న మాట. దీన్ని తేలిగ్గా తీసెయ్యకండి, ఎందుకంటే ఇది నిజంగా ఉన్న పని. ఓసారి లెక్క వేద్దాం. ఎనిమిది మందికి 58 వేల చొప్పున 4 లక్షల 64 వేలు. రెండు పెద్ద బండ్లు, డ్రైవర్లు, రణోత్సవ్ (ఆ ఉప్పు నేల మీద శీతాకాలంలో జరిగే పర్యాటక ఉత్సవం) రోజుల్లో ఆకాశాన్నంటే గదుల అద్దెలు, భోజనాలు, స్థానిక గైడ్, ఇళ్లలోకి రానిచ్చి ఓపిగ్గా కూర్చున్నవాళ్లకు ఇవ్వాల్సిన డబ్బు, ప్రకటనలు, జీఎస్టీ అన్నీ పోగా మిగిలేది నడిపేవాడిది. ఎనిమిది సీట్లూ నిండితేనే ఆ మిగులు. ఇద్దరు ఆఖరి నిమిషంలో మానుకుంటే అంతా తలకిందులు. పైగా కచ్‌లో సీజన్ నవంబరు నుంచి ఫిబ్రవరి దాకానే. వానల్లో రణ్, అంటే ఆ ఉప్పు నేల, నీళ్లలో మునుగుతుంది, వేసవిలో ఎండకు నిలబడలేం. అందుకే ఈ పని చేసేవాళ్లు ఎండాకాలం లద్దాఖ్ పట్టుకుంటారు, మిగతా నెలల్లో పెళ్లిళ్లు, ప్రోడక్ట్ షూట్లు, వారాంతపు క్లాసులు చేస్తారు. ట్రావెల్ ఫొటోగ్రాఫర్ అని కార్డు మీద ఉన్నవాళ్లలో చాలామంది ఇంటి అద్దె కట్టేది పెళ్లి ఆల్బమ్ డబ్బుతోనే. పెళ్లి ఫొటోలంటే మీ అమ్మాయి ముఖం చిట్లిస్తుందేమో అడిగి చూడండి. చిట్లిస్తే ఈ దారిలో మొదటి మూడేళ్లు గడవడం కష్టం.

ఫొటో బాగా తీయడం ఈ పనిలో సగం కూడా కాదు. సరిహద్దు ప్రాంతాల్లో మరీను. తెల్ల రణ్‌కు పర్మిట్ ఎక్కడ తీసుకోవాలి, ఏ చెక్‌పోస్టు దాటాక కెమెరా సంచిలో పెట్టెయ్యాలి, ఏ వంతెనను ఫొటో తీయకూడదు, ఇవన్నీ నడిపేవాడి బాధ్యత. ఖావడా దాటాక వచ్చే ఇండియా బ్రిడ్జి దగ్గర ఎవరో ఒకరు సరదాకి ఫోన్ తీస్తారు, బీఎస్‌ఎఫ్ జవాన్లకు సమాధానం చెప్పుకోవాల్సింది టూర్ లీడర్. సరిహద్దు పరిసరాల్లో డ్రోన్ ఎగరెయ్యకూడదు. పురావస్తు శాఖ కట్టడాల్లో ట్రైపాడ్‌కు వేరే అనుమతి కావాలి.

మనుషుల అనుమతి ఇంకా పెద్ద సంగతి. బన్నీ గడ్డిభూముల్లో పశువులు కాచుకునే మాల్ధారీల ఇళ్లలో ఆడవాళ్లు చాలాచోట్ల బయటి మగవాళ్ల కెమెరా ముందుకు రారు. అమ్మాయి కాబట్టి మీ అమ్మాయిని లోపలికి పిలిచి టీ ఇస్తారు, కుట్టుపని చూపిస్తారు. ఈ వృత్తిలో అది ఆవిడకున్న నిజమైన బలం. అయితే టీ ఇచ్చారు కదా అని ఫొటోకు ఒప్పుకున్నట్టు కాదు. ఈ మర్యాద తెలిసిన ఆడ లీడర్లు మన దగ్గర తక్కువ, కాబట్టి అవకాశం ఉంది.

మరి ఇవన్నీ ఎక్కడ నేర్చుకోవాలి? కచ్‌కు 58 వేలు పోసే ముందు మీ ఇంటి దగ్గరున్న సరిహద్దును చూడమనండి. విజయనగరంలో బస్సెక్కితే సాలూరు, అక్కడి నుంచి ఘాట్ రోడ్డెక్కితే సుంకి, పొట్టంగి, ఆపైన కొరాపుట్. ఆ కొండల్లోనే కొటియా గ్రామాలున్నాయి. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు సర్వే జరగకుండా మిగిలిపోయిన 21 గ్రామాలవి. 1968లో వివాదం సుప్రీంకోర్టుకెక్కింది, ఇప్పటికీ తెగలేదు. 2021లో మన రాష్ట్రం అక్కడ కొన్నిచోట్ల పంచాయతీ ఎన్నికలు పెడితే ఒడిశా మళ్లీ కోర్టుకు వెళ్లింది. రెండు రాష్ట్రాలూ మావాళ్లే అంటాయి, రెండూ పథకాలు ఇస్తాయి. ఒకే ఇంట్లో రెండు ప్రభుత్వాల కార్డులుంటాయి.

వివాదం నడిచే గ్రామాలకు నేరుగా కెమెరా వేసుకుని వెళ్లిపొమ్మనడం లేదు. ముందు సాలూరు. లారీల ఊరని పేరున్న చోటు, బాడీలు కట్టే షెడ్లలో ఎన్ని ఫొటోలైనా ఉన్నాయి. తర్వాత ఘాట్ మీది సంతలు. ఒకే సంతకు నాలుగైదు సార్లు వెళ్లాలి, మొదటిసారి కెమెరా బయటికి తీయకపోయినా ఫర్వాలేదు. ఇంకోవైపు పాతపట్నం ఉంది. మహేంద్రతనయ దాటితే పర్లాకిమిడి, అంటే ఒడిశా. రెండు ఒడ్లా తెలుగూ ఒడియా కలిసే వినిపిస్తాయి. 1900లో పర్లాకిమిడి రాజా వేయించిన చిన్న రైలు దారి ఇప్పుడు బ్రాడ్‌గేజ్ అయింది. ఇవన్నీ రెండు మూడు గంటల ప్రయాణంలో ఉన్నాయి. భాష వచ్చు, భోజనం పడుతుంది, తెలిసినవాళ్లు ఎవరో ఒకరు ఉంటారు. ఒక హెచ్చరిక: ఒడిశా లోపల బోండాలాంటి ఆదివాసీ తెగలుండే చోట్ల పర్యాటకులు ఫొటోలు తీయడం మీద 2012 నుంచి ఆంక్షలున్నాయి. డబ్బిస్తే తీయిస్తామనే గైడ్లు తగులుతారు, వాళ్లను నమ్మొద్దు.

సరిహద్దు సీమల్లో ఒకేచోట ఉండి పనిచేయడమంటే ఏమిటో తెలియాలంటే హైమన్‌డార్ఫ్ తీసిన ఫొటోలు చూపించండి. ఆస్ట్రియా నుంచి వచ్చిన ఆ మానవశాస్త్రవేత్త 1940లలో ఆదిలాబాద్ గోండుల మధ్య, మార్లవాయిలో ఉండి పనిచేశారు. ఆయన ఫొటోలు లండన్‌లోని సోయాస్ విద్యాసంస్థలో భద్రంగా ఉన్నాయి. మార్లవాయి వాళ్లు ఆయన్ని, భార్య బెట్టీని ఇంకా తలుచుకుంటారు. వారం రోజుల్లో వెళ్లిపోయినవాళ్లను ఏ ఊరు మాత్రం గుర్తుపెట్టుకుంటుంది?

చదువు సంగతి. ఎంఎస్సీ వద్దంటే బలవంతం చేయకండి, కానీ ఏ చదువూ లేకుండా వదిలెయ్యకండి. ఫొటోగ్రఫీనే గట్టిగా నేర్చుకోవాలంటే నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ (ఎన్‌ఐడీ) గాంధీనగర్ క్యాంపస్‌లో ఫొటోగ్రఫీ డిజైన్‌లో ఎండిజైన్ అనే పీజీ ఉంది. డిగ్రీతో రాయొచ్చు, పరీక్ష మాత్రం కఠినం. ఊటీలోని లైట్ అండ్ లైఫ్ అకాడమీ పీజీ డిప్లొమా ఇస్తుంది, ఫీజు ఎక్కువ. హైదరాబాద్‌లోని ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం జేఎన్‌ఏఎఫ్‌ఏయూలో ఉన్నది బీఎఫ్‌ఏ డిగ్రీ, నాలుగేళ్లు. డిగ్రీ అయ్యాక మళ్లీ నాలుగేళ్లంటే నేను సలహా ఇవ్వను. నా ఓటు మాత్రం పర్యాటక రంగ చదువులు చెప్పే సంస్థలకే: నెల్లూరులోని ఐఐటీటీఎం ఎంబీఏకి, లేదా హైదరాబాద్ నిథమ్‌లో టూరిజం కోర్సుకి. వినడానికి ఫొటోలతో సంబంధం లేనట్టుంటుంది. కానీ ఆవిడ చేస్తానంటున్నది టూర్ల వ్యాపారం. గదులు, టికెట్లు, ఇన్సూరెన్స్, పన్నులు, కాంట్రాక్టులు అక్కడ నేర్పుతారు. కెమెరా పని బయట నేర్చుకోవచ్చు. ఉద్యోగం దొరికే డిగ్రీ చేతిలో ఉంటే మీకూ నిద్ర పడుతుంది. హైదరాబాద్ నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్‌గా మనం చెప్పుకునే రాజా దీన్‌దయాళ్ కూడా ఇండోర్‌లో ప్రజాపనుల శాఖ డ్రాఫ్ట్స్‌మన్‌గా జీతం తీసుకుంటూనే కెమెరా పట్టినవాడు.

వాళ్లమ్మగారి భయం గురించి ఒక మాట. టూర్లు తిరిగే చోట్లన్నీ అనుమతి ఉన్నవే, రణోత్సవ్ రోజుల్లో ఆ దారిలో కుటుంబాలు, బస్సులు బారులు తీరి ఉంటాయి. భయపడాల్సింది బోర్డర్ గురించి కాదు, రాత్రి ప్రయాణాల గురించి, గది ఎవరితో పంచుకోవాలన్న దాని గురించి. బృందంలో ఇంకో ఆడమనిషి ఉందా అని ముందే అడగండి. లేకపోతే ఒంటరి గదికి వేరే డబ్బు కట్టాలి, అది 58 వేలల్లో కలిసి ఉండదు.

ఈ ఏడాది మీ అమ్మాయితో ఒక ఒప్పందం చేసుకోండి. పరీక్షలయ్యేలోగా సాలూరు, పాతపట్నం వైపుల నుంచి 20 ఫొటోలు, ఒక్కోదాని కింద నాలుగు వాక్యాలు. అవి చూపించి, వచ్చే సీజన్‌లో ఏదైనా టూర్ లీడర్ దగ్గర అసిస్టెంట్‌గా వెళ్లే ప్రయత్నం చేయమనండి. సామాన్లు మోయడం, చెక్‌పోస్టులో కాగితాలు చూపించడం, కోపమొచ్చిన కస్టమరుకు నచ్చచెప్పడం, అన్నీ. జీతం ఉండకపోవచ్చు, తిండి, గది దొరికితే చాలు. అది కుదరకపోతే అప్పుడు 58 వేలు కట్టి పంపండి. అప్పటికి ఆవిడ చూసే చూపు వేరుగా ఉంటుంది. లెన్స్ కావాలంటే రోజు అద్దెకు దొరుకుతుంది, వైజాగ్‌లో విచారించండి.

ఈ జనవరికే వెళ్తానని పట్టుబడితే మాత్రం, సెమిస్టర్ పరీక్షల తేదీ చూసుకుని, అడ్వాన్స్ కట్టకముందు నిర్వాహకులకు ఒక మెయిల్ పెట్టించండి. మానుకుంటే ఏ తేదీ వరకు ఎంత తిరిగిస్తారు, వాళ్లే రద్దు చేస్తే ఎంత ఇస్తారు, ఫొటోల కోసం కూర్చునే పల్లెవాళ్లకు మీరేమిస్తారు అని. ఆ మెయిల్ మీ అమ్మాయే రాయాలి, మీరు కాదు. మూడింటికీ రాతపూర్వకంగా జవాబు వచ్చాకే డబ్బు పంపండి.