మనవడు వీడియో కాల్‌లో నిలవడం లేదా?

డాలస్‌లోని మీ మనవడు రెండు మాటలకే పారిపోతున్నది ప్రేమ లేక కాదండీ, టైమ్ కుదరక. మార్చి నుంచి నవంబరు దాకా మీరు ఆదివారం పొద్దున 8కి చేస్తే అక్కడ శనివారం రాత్రి 9:30, పిల్లాడికి నిద్రవేళ.

1. ఆదివారం రాత్రి 7:30కి చేయండి, అక్కడ ఉదయం 9. నవంబరులో వాళ్ల గడియారాలు మారాక, మళ్లీ మార్చి దాకా 8:30కి.

2. "తిన్నావా, చదివావా" ఆపి అష్టాచెమ్మా ఆడండి. ఇద్దరూ కాగితం మీద 25 గళ్లు గీసుకోండి. గవ్వలు మీరే కెమెరా ముందు వేయండి. నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మా, బోర్లా పడితే అష్టా.

3. చాలామంది మరిచేది ఇదే: ఆట పూర్తి చేయొద్దు. కాయలు ఎక్కడివక్కడ ఉంచి ఫొటో తీసుకోండి. వచ్చే వారం ఫోన్ కలపమని వాడే అమ్మను పీక్కుతింటాడు.

మీ చిన్ననాటి ముచ్చట్లు గవ్వలు గలగలలాడిస్తూ చెప్పండి. కూర్చోబెట్టి చెబితే క్లాసైపోతుంది.