ఎంటీటీ పరీక్షలో రీడింగు పడిపోవడం గురించి

ఏకపొర కార్బన్ నానోట్యూబులు (కార్బన్‌తో ఏర్పడిన అతిసన్నని గొట్టాలు) కలిపిన కణాలకు ఎంటీటీ పరీక్షలో రీడింగు సగానికి పడిపోయిందని మీరు రాశారు. బతికున్న కణాలు ఎంటీటీ అనే పదార్థాన్ని ఊదారంగు ఫార్మజాన్‌గా మారుస్తాయి; దాన్ని ద్రావణిలో కరిగించి, ఆ రంగును కొలిచి, ఎన్ని కణాలు బతికున్నాయో ఈ పరీక్షలో అంచనా వేస్తారు. మీ కణాలు నిజంగా చనిపోయి ఉండకపోవచ్చు. ఎంటీటీ నుంచి ఏర్పడే ఊదారంగు ఫార్మజాన్ స్ఫటికాలు ఏకపొర కార్బన్ నానోట్యూబుల గుంపులకు అతుక్కుని, ద్రావణిలో కరగకుండా ఉండిపోతాయి. అందువల్లనే సూక్ష్మదర్శినిలో ఆరోగ్యంగా కనిపిస్తున్న కణాలకు కూడా, మీరు రాసినట్లు, రీడింగు సగానికి పడిపోతుంది. ఈ పొరపాటును పరిశోధకులు 2006లోనే ప్రచురించారు.

1. చాలామంది వదిలేసే పని ఇది: నానోట్యూబులు తగలని కణాలున్న కొన్ని వెల్స్‌లో (ప్లేటులోని చిన్న గుంటల్లో) ఫార్మజాన్ పూర్తిగా ఏర్పడనిచ్చి, ద్రావణి పోయడానికి సరిగ్గా ముందు అదే మోతాదులో నానోట్యూబులు కలపండి. అక్కడ కూడా రీడింగు తగ్గితే, ఆ తగ్గుదల కణాల మరణానిది కాదు. ద్రావణి పోశాక నల్లటి గుంపుల అంచున సూదుల్లాంటి స్ఫటికాలు మిగిలాయేమో తప్పక చూడండి.

2. నీటిలో కరిగే ఫార్మజాన్‌నిచ్చే డబ్ల్యూఎస్టీ-1 అనే మరో పదార్థంతో పరీక్షను మళ్లీ చేయండి. నానోట్యూబులు తామే కాంతిని పీల్చుకుంటాయి కాబట్టి, సెంట్రిఫ్యూజ్ చేసి (వేగంగా తిప్పి, నానోట్యూబులను అడుగుకు చేర్చి) పైతేటను కొత్త ప్లేటులోకి మార్చాకే కొలవండి.

3. అప్పుడూ రీడింగు తగ్గితే, నానోట్యూబుల తయారీలో మిగిలిపోయిన ఇనుము, నికెల్ ఉత్ప్రేరకాలను అనుమానించి, నమూనాలో లోహాల శాతాన్ని కొలిపించండి.