కీ వాచీకి స్ప్రింగు దొరకదన్నారా?

ప్రశ్న: మా నాయన కట్టుకున్న హెచ్‌ఎంటీ జనతా వాచీ నా దగ్గరుంది. కీ ఎంత తిప్పినా ఊరికే తిరుగుతూనే ఉంది, బిగుసుకోదు. ఇక్కడ ఒక అంగడిలో చూపిస్తే వాచీని నడిపే మెయిన్ స్ప్రింగ్ తెగిందన్నారు. కంపెనీనే మూసేశారు, స్ప్రింగు ఎక్కడా రాదు, బ్యాటరీ మెషిన్ వేసిస్తాం అంటున్నారు. వేయించమంటారా?
- ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: వద్దండీ, దయచేసి వేయించకండి. బ్యాటరీ మెషిన్ పట్టాలంటే చాలాసార్లు డయల్‌ను మెషిన్‌కు పట్టి ఉంచే, వెనకుండే కాళ్లు కోసేస్తారు, ముళ్లు కూడా మార్చాల్సి వస్తుంది, ఆ తర్వాత మళ్లీ పాత మెషిన్ పెట్టుకుందామన్నా కుదరదు. మీ నాయన వాచీలో మిగిలేది కేసు మాత్రమే.

హెచ్‌ఎంటీ వాళ్లు జపాన్ సిటిజన్ సహకారంతో 1961లో బెంగళూరులో వాచీల ఫ్యాక్టరీ పెట్టారు, 2016లో ఆ వాచీల కంపెనీని మూసేశారు, ఆ మాట నిజమే. కానీ స్ప్రింగుకు కంపెనీ పేరుతో పని లేదు, కొలతలు కుదిరితే చాలు. స్విట్జర్లాండులో జనరల్ రెస్సార్ అనే సంస్థ రకరకాల వాచీలకు స్ప్రింగులు చేస్తుంది, వాళ్ల జాబితా చూసేది కూడా కొలతలతోనే. అందుకని తెగిన ముక్కలు ఒక్కటి కూడా పారేయకుండా అడిగి తీసుకోండి.

కావలసినవి స్ప్రింగు వెడల్పు, మందం, మొత్తం పొడవు, అది చుట్టుకుని కూర్చునే బారెల్ (చుట్టూ పళ్లున్న గుండ్రటి డబ్బీ) లోపలి వ్యాసం. వీటిలో ప్రాణమంతా మందంలోనే ఉంది. బలం మందం ఘనాన్ని బట్టి మారుతుంది కాబట్టి 0.11 మిల్లీమీటర్లు ఉండాల్సిన చోట 0.10 వేస్తే దాదాపు నాలుగో వంతు బలం పోతుంది, వాచీ నీరసంగా ఆడుతుంది. కంటికి రెండూ ఒకటే! వెర్నియర్‌ను కూడా ఇక్కడ నమ్మొద్దు, ఇంటర్ ఫిజిక్స్ ల్యాబ్‌లో వైరు మందం కొలిచే స్క్రూగేజ్ ఉంటుందే, అది కావాలి. తెలిసిన లెక్చరర్ ఎవరైనా ఉంటే పని అయిపోయినట్టే. వెడల్పులో తేడా అంత ప్రమాదం కాదు గానీ ఎక్కువైతే బారెల్ మూత పట్టదు. పొడవు ఎక్కువైతే బారెల్ నిండిపోయి, తిరగడానికి చోటు లేక, నడిచే గంటలు తగ్గుతాయి. ఎక్కువ పొడవుంటే ఎక్కువసేపు నడుస్తుందనుకుంటారు చాలామంది, అది తప్పు.

బయటి కొస ఎలా ఉందో కూడా ఫోటో తీసి పెట్టుకోండి. ఆటోమేటిక్ వాచీ స్ప్రింగు కొస బారెల్‌లో జారేలా ఉంటుంది, మీ జనతాకు అది పనికిరాదు.

ఈ కొలతలు చీటీ మీద రాసుకుని బెంగళూరులో వాచీ సామాన్లు అమ్మే అంగళ్లలో అడగండి, పేరు చెప్పి అడిగితే లేదన్నవాళ్లే కొలత చూపిస్తే డబ్బాలు తెరుస్తారు. పాత మెషిన్ కొని అందులోది తీసి వేయొచ్చు గానీ ఏళ్ల తరబడి చుట్టుకుని ఉన్న స్ప్రింగు బలం చచ్చి ఉంటుంది, కొత్తదే మేలు. కొత్తది రింగులో చుట్టి వస్తుంది, దాన్ని అలాగే బారెల్‌లోకి నొక్కించండి, చేత్తో చుట్టనివ్వకండి, వంకరపోతుంది. ఇంకొక్క మాట, స్ప్రింగు తెగినప్పుడు కొట్టే దెబ్బకు బారెల్ పళ్లో, బారెల్ తిప్పే సెంటర్ వీల్ పళ్లో విరగొచ్చు, అవి చూడకుండా స్ప్రింగు మాత్రం మార్చి ఇస్తే తీసుకోవద్దు.

ప్రశ్న: తెగిన స్ప్రింగునే బాగుచేసి వాడుకోవచ్చా?
- ఒక పాఠకురాలు, కడప

జవాబు: ఎక్కడ తెగిందన్నదాన్ని బట్టి ఉంటుందమ్మా. మధ్యలో తెగితే అతికినా నిలవదు. బయటి కొస దగ్గర తెగి, అది పాతకాలపు నీలిరంగు ఉక్కు స్ప్రింగైతే, పని తెలిసినవాళ్లు ఆ కొసను మాత్రమే వేడిచేసి మెత్తబరిచి కొత్త కొక్కెం వంచుతారు. పొడవు తగ్గింది కాబట్టి నడిచే గంటలు కాస్త తగ్గొచ్చు, రోజూ పొద్దున కీ ఇచ్చుకుంటే కొత్త స్ప్రింగు దొరికేదాకా గడిచిపోతుంది.