ఎండీ గారి అసిస్టెంట్ ఉద్యోగమంటే చిన్నచూపా?

ప్రశ్న: మాది పాలకొల్లు. మా అమ్మాయి బీకాం చదివింది, వయసు 23. భీమవరం దగ్గర ఒక రొయ్యల ఎగుమతి కంపెనీలో ఎండీ గారికి ఎగ్జిక్యూటివ్ అసిస్టెంట్‌గా చేరి ఏడు నెలలైంది. జీతం పర్వాలేదు. కానీ అకౌంట్స్ వాళ్లు, ప్లాంట్ వాళ్లు తనని లెక్కచేయడం లేదట. పార్టీలు వస్తే టీల సంగతి కూడా తనే చూడాలట. మా బావగారేమో 'డిగ్రీ చదివించింది టీలు అందించడానికా' అంటున్నారు. మాన్పించి బ్యాంకు కోచింగ్‌లో చేర్పించమంటారా?

జవాబు: అమ్మా, మీ బావగారి మాట మిమ్మల్ని ఎంత బాధపెట్టిందో మీ ఉత్తరం చదివితే తెలుస్తోంది. మాన్పించే ఆలోచన మాత్రం కొన్నాళ్లు పక్కన పెట్టండి. ఈ ఉద్యోగంలో గౌరవం చేరిన రోజునే రాదు, ఎండీ గారి గది పక్కన కూర్చున్నంత మాత్రాన కూడా రాదు. 'ఆ అమ్మాయికి చెబితే పని అయిపోయినట్టే, ఆ అమ్మాయికి తెలిసిన విషయం బయటికి పోదు' అని ఆఫీసులో నమ్మకం కుదిరాక వస్తుంది. అందుకు ఏడు నెలలు చాలవు.

టీల సంగతి ముందు తేల్చేద్దాం. మన వైపు ఇంటికొచ్చిన మనిషికి మంచినీళ్లివ్వకుండా మాట మొదలుపెట్టం. వచ్చినవాళ్లకి మర్యాద చెయ్యడంలో తక్కువేమీ లేదు. అయితే మీటింగ్ మధ్యలో ఆమె లేచి టీల కోసం వెళ్లాల్సి వస్తే మాత్రం నష్టమే, ఎందుకంటే అప్పుడు ఆమె వినాల్సిన మాటలు వినకుండా పోతాయి. దీన్ని ఫిర్యాదులా కాకుండా ఒక ఏర్పాటులా ఎండీ గారికి విడిగా చెప్పమనండి: 'సార్, మీటింగ్ మొదలయ్యాక నేను నోట్స్ రాసుకోవాలి. టీలు ఎప్పుడు తేవాలో అటెండర్‌కి ముందే చెప్పి ఉంచుతాను.' ఆ నోట్స్ నిజంగా పనికొచ్చేలా ఉంటే ఆయన కాదనరు.

ఇక అసలు పని. ఎండీ గారి రోజులో ఎవరికి ఎంత సమయం దక్కాలో చూసేది మీ అమ్మాయే. మన కాలువల మీద వంతులవారీగా నీళ్లు వదిలేటప్పుడు లాకుల దగ్గర ఉండే మనిషి ఎలాంటివాడో ఈ పని అలాంటిది. ముందు ఎవరి చేను ఎండుతోందో ఆయనకి తెలియాలి, తనవాళ్లని ఎవరి వంతూ దాటించకూడదు. అకౌంట్స్ మేనేజరు బ్యాంకు కాగితాల మీద సంతకం కోసం మూడు రోజులుగా తిరుగుతుంటే, మీ అమ్మాయి తనంతట తానే 'సార్ 11 గంటలకి ఖాళీగా ఉంటారు, కాగితాలు నాకివ్వండి, ముందే చూపించి ఉంచుతాను' అని ఫోన్ చేసిందనుకోండి. అలా నాలుగుసార్లు జరిగాక ఆ మేనేజరు ఆమెని లెక్కచేయకుండా ఉండలేరు. అంతేగానీ ప్రతిదానికీ 'సార్ చెప్పారు' అని ఆర్డర్లు వేస్తే మాత్రం ఎదురుగా తలూపి వెనక దూరం పెడతారు.

రొయ్యల కంపెనీలో ఈ పనికి పరదేశం లెక్కలు కూడా తోడవుతాయి. మనకి రాత్రి 8 గంటలైతే న్యూయార్క్‌లో వేసవిలో ఉదయం 10.30, చలికాలంలో 9.30. అమెరికాలో మార్చి రెండో ఆదివారం గడియారం ముందుకి జరుపుతారు, నవంబరు మొదటి ఆదివారం వెనక్కి తిప్పుతారు. ఆ వారం కాల్స్ గంట అటూఇటూ అవ్వడం చాలా ఆఫీసుల్లో జరిగేదే. జపాన్ కొనుగోలుదార్లయితే మనకంటే మూడున్నర గంటలు ముందుంటారు. మార్చిలో బోస్టన్‌లో సీఫుడ్ ఎక్స్‌పో ఉంటుంది, యూరప్‌ది ఒకప్పుడు బ్రస్సెల్స్‌లో జరిగేది, 2022 నుంచి బార్సిలోనాలో జరుగుతోంది. అక్కడికి వెళ్లడానికి కావాల్సిన షెంజెన్ వీసాకి (యూరప్‌లో చాలా దేశాలకి కలిపి ఇచ్చే వీసా) ప్రయాణానికి 6 నెలల ముందు నుంచి దరఖాస్తు పెట్టుకోవచ్చు, 15 రోజుల కంటే ఆలస్యం చేయకూడదు. ఎండీ గారు అడిగాక వెతికే అసిస్టెంట్‌కీ, జనవరిలోనే 'సార్, పాస్‌పోర్ట్ గడువు చూశాను, వీసా స్లాట్ తీసుకుందామా' అని అడిగే అసిస్టెంట్‌కీ ఎంత తేడా ఉందో ఆయనకి బాగా తెలుస్తుంది.

మీటింగ్ నోట్స్ విషయంలో ఒకే ఒక్క అలవాటు చేసుకోమనండి. ఎవరు, ఏ పని, ఏ తేదీలోగా అన్నది అరపేజీలో రాసి అదే సాయంత్రం అందరికీ పంపాలి. బోర్డు మీటింగుల సంగతి వేరు, వాటికి 2013 కంపెనీల చట్టం ఉంది. 7 రోజుల ముందు నోటీసు వెళ్లాలి, మినిట్స్ 30 రోజుల్లోగా పుస్తకంలోకి ఎక్కాలి. ఆ బాధ్యత కంపెనీ సెక్రటరీది. పక్కనుండి గమనిస్తే ఆమెకి ఆ పని మీదే ఇష్టం కలగొచ్చు, అలా అయితే ఉద్యోగం చేసుకుంటూనే ఐసీఎస్ఐ (కంపెనీ సెక్రటరీల సంస్థ) వాళ్ల కోర్సు చదువుకోవచ్చు.

మన జిల్లాల్లో వీటన్నిటికంటే కష్టమైనది నోరు కట్టుకోవడం. రేపటి నుంచి 50 కౌంట్‌కి (కిలోకి 50 రొయ్యలు తూగే సైజు) కంపెనీ ఎంతిస్తుందో, ఏ కంటైనర్ మీద కొనుగోలుదారు పేచీ పెట్టాడో, ఏ రైతుకి ఎంత బాకీ ఉందో మీ అమ్మాయికి చాలామంది కంటే ముందే తెలుస్తుంది. మీ చుట్టాల్లో చెరువులున్నవాళ్లు ఉండే ఉంటారు. పట్టుబడి, అంటే చెరువులో రొయ్యలు పట్టడం, రేపే పెట్టుకోవాలా, నాలుగు రోజులు ఆగాలా అన్నది వాళ్లకి లక్షల్లో తేడా. అందుకే పెళ్లి భోజనాల దగ్గర ప్రేమగానే అడుగుతారు, 'రేటు పెరుగుతుందా అమ్మా' అని. ఒక్కసారి జవాబు చెప్పిందంటే సాయంత్రానికి ఊరంతా పాకుతుంది, అది ఎవరి నోటి నుంచి వచ్చిందో కంపెనీకి తెలియడం పెద్ద కష్టం కాదు. ఆ తర్వాత ఎంత బాగా పనిచేసినా ముఖ్యమైన కాగితం ఆమె చేతికి రాదు. అలాగని తెలియదని అబద్ధం చెప్పక్కర్లేదు. 'ఆఫీసు సంగతులు నేను మాట్లాడకూడదు మావయ్యా, కొనుగోలు సెక్షన్‌కి ఫోన్ చేయండి' అంటే చాలు. మొదటిసారి ముఖం మాడ్చుకుంటారు, రెండోసారి అడగరు. మీరు కూడా ఇంట్లో అడగకండి, అన్నం తినేటప్పుడు సరదాకి కూడా వద్దు. తల్లిగా మీరు చేయగల సాయాల్లో ఇదే పెద్దది.

గౌరవం కోసం అన్నీ భరించమని మాత్రం నేను చెప్పను. రాత్రి కాల్స్ ఉంటే ఇంటికి చేర్చే బండి ఏర్పాటు గురించి మెయిల్‌లో రాసి అడగాలి. ఎండీ గారి ఇంటి పనులు అదేపనిగా ఆమె మీద పడుతుంటే ఉద్యోగంలో చేరినప్పుడు చెప్పిన పనులేమిటో గుర్తుచేయాలి. ఎవరైనా అసభ్యంగా ప్రవర్తిస్తే సర్దుకుపోవడమన్న మాటే వద్దు. 10 మంది, అంతకంటే ఎక్కువమంది పనిచేసే ప్రతి చోటా, పనిచేసే చోట ఆడవాళ్లపై లైంగిక వేధింపులను అరికట్టే 2013 చట్టం ప్రకారం ఫిర్యాదులు విచారించే అంతర్గత కమిటీ ఉండి తీరాలి, జరిగిన 3 నెలల్లోగా రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. అలాంటి చోట గౌరవం సంపాదించుకోవాలని చూడడం కంటే ఫిర్యాదు ఇచ్చి బయటికి రావడమే మేలు.

బ్యాంకు సంగతికొస్తే, ఐబీపీఎస్ క్లర్క్ పరీక్షకి జనరల్‌లో 28 ఏళ్ల వరకు, పీవో (ప్రొబేషనరీ ఆఫీసర్) పరీక్షకి 30 ఏళ్ల వరకు అవకాశం ఉంది. కాబట్టి తొందరేమీ లేదు. ఆమెకి బ్యాంకు ఉద్యోగమే ఇష్టమైతే తప్పకుండా రాయనివ్వండి, నేనే సిలబస్ చెబుతాను. బావగారి మాట కోసమైతే వద్దు. మీ ఉత్తరంలో ఆఫీసువాళ్లు ఏమనుకుంటున్నారో ఉంది, బావగారు ఏమన్నారో ఉంది. అమ్మాయికి ఏం కావాలో ఎక్కడా లేదు. ఈ ఆదివారం కూర్చోబెట్టి ఆ ఒక్క ప్రశ్న అడగండి, వీలైతే జవాబు తననే నాకు రాయమనండి.