మూడేళ్ల వీసా షరతు కోసం జీవితాంతం పెన్షన్ కోసుకోకండి

ప్రశ్న (ఉత్తరంలో కొంత భాగం): మాది ఖమ్మం. ఇరవై ఏడేళ్లుగా న్యూజెర్సీలో ఉంటున్నాం, ఇద్దరం అమెరికా సిటిజన్లం. మార్చిలో నా ఉద్యోగం పోయింది. నాకు 62 నిండాయి, మా ఆవిడకి వచ్చే నెల 62 నిండుతాయి. ఇద్దరికీ హెల్త్ ఇన్సూరెన్స్‌కే నెలకు 1,900 డాలర్లు పోతున్నాయి. పిల్లలు సెటిలయ్యారు. 401కెలో (ఉద్యోగంలో దాచుకున్న రిటైర్మెంట్ పొదుపు ఖాతా) 6,20,000 డాలర్లు ఉన్నాయి, ఇల్లు అమ్మితే ఇంకో 2,80,000 చేతికొస్తాయి, హైదరాబాద్‌లో ఒక ఫ్లాట్ ఉంది. కోస్టారికా వెళ్లిపోదామని ఆలోచన. నా సోషల్ సెక్యూరిటీ (అమెరికా ప్రభుత్వ పెన్షన్) ఇప్పుడే తీసుకుంటే నెలకు 2,100, 67కి అయితే 3,000. మా ఆవిడది 62కి 1,050, 67కి 1,500. వీసాకి పెన్షన్ చూపించాలట కాబట్టి నాది వెంటనే మొదలుపెడదామనుకుంటున్నాను. గ్వానాకాస్టేలో బీచ్ పక్కన 1,55,000 డాలర్లకి ప్లాటు కొంటే రెసిడెన్సీ దానంతటదే వచ్చేస్తుందని ఏజెంటు అంటున్నాడు, నెలాఖరులోగా 5,000 బుకింగ్ కట్టమంటున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ఆ 5,000 కట్టకండి. మిగతాది నిదానంగా మాట్లాడుకుందాం.

కోస్టారికా వెళ్లాలన్న ఆలోచన తప్పు కాదు. 1948లోనే సైన్యాన్ని రద్దు చేసుకున్న దేశం, మంచి వైద్యం ఉంది, బయటి దేశం నుంచి వచ్చే పెన్షన్ మీద అక్కడ పన్ను వెయ్యరు. మీ వయసులో, మీ దగ్గరున్న డబ్బుతో అక్కడ హాయిగా బతకొచ్చు. నన్ను భయపెట్టింది మీరు అనుకుంటున్న వరుస. వీసాకి ఏది తేలికో చూసి దాని ప్రకారం పెన్షన్ నిర్ణయం తీసుకోబోతున్నారు. నిజానికి అది తలకిందులు కావాలి.

అక్కడ రెసిడెన్సీకి మీలాంటివాళ్లకి ముఖ్యంగా మూడు దారులున్నాయి. మొదటిది పెన్షనాడో, అంటే జీవితాంతం వచ్చే పెన్షన్ నెలకు కనీసం 1,000 డాలర్లు చూపించాలి. రెండోది రెంటిస్టా, పెన్షన్ లేనివాళ్లు రెండేళ్ల పాటు నెలకు 2,500 ఆదాయం వస్తుందని చూపించాలి, చాలామంది 60,000 డాలర్లు అక్కడి బ్యాంకులో వేసి నెలనెలా తీసుకుంటారు. మూడోది ఇన్వెస్టరు దారి, 2021 చట్టం తర్వాత 2,00,000 నుంచి 1,50,000 డాలర్లకి తగ్గింది, మీ ఏజెంటు పట్టుకున్నది దీన్నే. మూడింట్లో ఏది తీసుకున్నా మొదట రెండేళ్ల తాత్కాలిక రెసిడెన్సీ ఇస్తారు, దాన్ని రెన్యూవల్ చేయించుకోవాలి, మూడేళ్లు పూర్తయ్యాక పర్మనెంట్‌కి అప్లై చేసుకోవచ్చు. పర్మనెంట్ వచ్చాక పెన్షన్ ఎంత, డిపాజిట్ ఎంత అని అడగరు.

అంటే ఈ వెయ్యి డాలర్ల షరతు మీకు మూడు నాలుగేళ్ల అవసరం మాత్రమే. దానికోసం మీరు 3,000 రావాల్సిన చోట 2,100తో జీవితాంతం సరిపెట్టుకుంటానంటున్నారు. 70 దాకా ఆగితే మీకు వచ్చేది 3,720, అంటే ఇప్పటి మొత్తానికి నెలకు 1,620 ఎక్కువ. ఎనిమిదేళ్లు తీసుకోకుండా వదిలేసిన డబ్బు సుమారు 2,01,600, అది మీకు 80 ఏళ్లు దాటిన కొద్ది నెలలకి పూడిపోతుంది. 67 దాకా ఆగితే 79 రాకముందే పూడుతుంది. మీకు బీపీ తప్ప ఇంకే జబ్బూ లేదని, మీ నాన్నగారు 88 దాకా ఉన్నారని రాశారు కదా, ఆ లెక్కన ఆగడమే నయం.

ఇంకొకటి, ఈ మాట రాయడం కష్టంగానే ఉంది కానీ రాయాలి. మీ తర్వాత మీ ఆవిడకి వచ్చేది మీరు ఎప్పుడు మొదలుపెట్టారన్నదాన్ని బట్టి ఉంటుంది. ఇద్దరిలో ఒకరు పోతే రెండు చెక్కుల్లో పెద్దది మాత్రమే మిగులుతుంది, చిన్నది ఆగిపోతుంది. మీరు ఇప్పుడే తీసుకుంటే ఆమెకి గరిష్ఠంగా 2,475 వస్తుంది (మీకు 67కి వచ్చే 3,000లో 82.5 శాతం), 70 దాకా ఆగి ఉంటే 3,720. పరాయి దేశంలో, స్పానిష్ అంతంతమాత్రంగా వచ్చే 80 ఏళ్ల మనిషికి నెలకు 1,245 డాలర్ల తేడా అంటే ఇంట్లో తోడుగా ఒక మనిషిని పెట్టుకోగలగడానికీ పెట్టుకోలేకపోవడానికీ ఉన్న తేడా.

మరి వీసా సంగతి అంటారా, మీ లెక్కల్లోనే దానికి జవాబుంది, మీరు గమనించినట్టు లేదు. మీ ఆవిడకి 62కి వచ్చేది 1,050. వెయ్యి దాటింది. అప్లికేషన్ ఆమె పేరున పెట్టండి, మీరు ఆమె మీద ఆధారపడిన భర్తగా చేరండి. ఒక్క పెన్షన్ మీద దంపతులిద్దరికీ ఇస్తారు. మన ఇళ్లల్లో ఏ కాగితమైనా మొగుడి పేరే ముందు రాసే అలవాటు, అందుకే ఇది తట్టదు. అమెరికాలో ఆమె పదిహేడేళ్లు స్కూల్లో పనిచేసి సంపాదించుకున్న పెన్షన్ అది, ఈ ప్రయాణానికి అదే ఆధారం. ఆమెది ముందుగా తీసుకుంటే 1,500 బదులు 1,050 వస్తుంది కదా, అది నష్టం కాదా అని అడుగుతారు, కొంత నష్టమే, కానీ ఎలాగూ ఇద్దరిలో ఒకరు పోయిన రోజు ఆగిపోయేది ఆ చిన్న చెక్కే కాబట్టి దాన్ని ముందు తీసుకుని పెద్దదాన్ని పెరగనివ్వడం చాలా కుటుంబాలకి సరైన పద్ధతి. తర్వాత ఆమె మెడికేర్ (65 దాటినవాళ్లకి అమెరికా ప్రభుత్వ ఆరోగ్య బీమా) ప్రీమియం అందులోంచి కోసుకున్నా, మీరు చూపించాల్సింది కోతకు ముందున్న మొత్తం ఉన్న లెటర్, అది గుర్తుంచుకోండి.

మీది మొదలయ్యేదాకా ఎలా గడవాలంటే, నెలకు 3,500 బడ్జెట్ వేసుకోండి. ఆమె 1,050, 401కె నుంచి 2,450. ఏడాదికి 29,400 అంటే మీ 401కెలో 4.7 శాతం దాకా, శాశ్వతంగా తీసుకుంటూ పోవడానికి కాస్త ఎక్కువే, కానీ మీ చెక్కు మొదలయ్యేదాకానే కాబట్టి ఫర్వాలేదు, ఇల్లు అమ్మిన డబ్బు వెనకాల ఉంది. అయితే 401కె నుంచి తీసేదానికి అమెరికా పన్ను ఎక్కడున్నా తప్పదు. విదేశాల్లో ఉంటే ఆదాయం మినహాయింపు ఉంటుందని ఎవరో చెప్పారన్నారు, అది జీతానికే, పెన్షన్‌కీ 401కెకీ వర్తించదు. కోస్టారికా బ్యాంకులో, ఇండియా బ్యాంకుల్లో కలిపి ఏడాదిలో ఏ రోజైనా 10,000 డాలర్లు దాటితే ఎఫ్‌బార్ (విదేశీ ఖాతాల గురించి అమెరికా ప్రభుత్వానికి ఇచ్చే రిపోర్టు) వెయ్యడం మర్చిపోవద్దు.

ఇల్లు హడావిడిగా అమ్మొద్దు. గత ఐదేళ్లలో రెండేళ్లు అందులో ఉండి ఉంటే దంపతులకి 5,00,000 దాకా లాభం మీద పన్ను లేదు కాబట్టి, ఇల్లు ఖాళీ చేశాక దాదాపు మూడేళ్ల సమయం ఉంటుంది. ఒక ఏడాది అద్దెకివ్వండి. అక్కడ నచ్చకపోతే తిరిగి రావడానికి చోటుంటుంది.

ఇప్పుడు ప్లాటు. దీనిమీద నాకు బాగా టెన్షన్‌గా ఉంది. కోస్టారికాలో సముద్రపు ఒడ్డు నుంచి మొదటి 50 మీటర్లు ప్రజలందరిదీ, ఎవరూ కట్టడానికి లేదు. ఆ తర్వాత 150 మీటర్లు చాలాచోట్ల మున్సిపాలిటీ లీజు మీద ఇచ్చేది, సొంతం కాదు. పైగా విదేశీయులు ఐదేళ్లు అక్కడ రెసిడెంట్‌గా ఉంటే తప్ప ఆ లీజు వాళ్ల పేరున రాదు. మన దగ్గర అసైన్డ్ భూమి కొన్నవాళ్ల పరిస్థితి మీకు తెలుసు, డబ్బు ఇస్తారు, ఆక్రమించుకుని ఉంటారు, పేరు మాత్రం రాదు. మీ ఏజెంటు పంపిన కాగితం ఫోటో చూశాను, అందులో 'సముద్రానికి రెండు నిమిషాల నడక' అని ఉంది కానీ ఫోలియో రియాల్ నంబర్, అంటే ఆ భూమి రిజిస్ట్రేషన్ నంబర్ లేదు. మన దగ్గర ఈసీ తీసినట్టు అక్కడ ఆ నంబరుతో రెహిస్ట్రో నాసియోనాల్‌లో (దేశం మొత్తానికి ఉన్న ఆస్తుల రిజిస్టర్) ఎవరైనా చూసుకోవచ్చు, యజమాని ఎవరు, తనఖా ఉందా, కేసుందా అన్నీ కనిపిస్తాయి. నంబరివ్వని మనిషికి ఒక్క డాలరు కూడా ఇవ్వకూడదు.

నిజంగా సొంత భూమే అయినా ఇంకో రెండు చిక్కులున్నాయి. రిజిస్ట్రేషన్‌లో పన్ను తగ్గించుకోవడానికి తక్కువ విలువ రాయించడం మనకెంత అలవాటో అక్కడా అంతే, 1,55,000 ఇచ్చి 90,000కి రాయించుకుంటే ఇన్వెస్టరు రెసిడెన్సీకి ఆ ప్లాటు పనికిరాదు. రెండోది నీళ్లు. గ్వానాకాస్టే ఆ దేశంలో ఎండ ఎక్కువున్న ప్రాంతం, డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా వాన ఉండదు, ప్లాటుకి నీటి కనెక్షన్ ఇస్తామన్న లెటర్ లేకపోతే ఇల్లు కట్టడానికి పర్మిట్ రాదు. ఖాళీ ప్లాటు కొని నీటి కోసం తిరగడం మనవాళ్లకి కొత్తేం కాదు, కానీ ఈ వయసులో ఇంకో భాషలో తిరగాలి.

అందుకని మొదటి ఏడాది అద్దెకుండండి. బీచ్ దగ్గర కాదు, సాన్ హోసే చుట్టుపక్కల సెంట్రల్ వ్యాలీలో, అటేనాస్, గ్రేసియా లాంటి ఊళ్లలో. చల్లగా ఉంటుంది, ఆసుపత్రులు దగ్గర. మే నుంచి నవంబరు దాకా వానాకాలం మొత్తం అక్కడ గడపండి. రోజూ మధ్యాహ్నం కమ్ముకొచ్చే వాన, గోడల మీద బూజు, తేమకి మెత్తబడిపోయే అప్పడాలు, ఇవన్నీ చూశాక కూడా నచ్చితే అప్పుడు కొనండి. అమెరికా పాస్‌పోర్టు మీద టూరిస్టుగా 180 రోజుల దాకా ఉండొచ్చు, ఆ లోపు ఫైలు పెట్టొచ్చు.

బడ్జెట్‌లో డాలరు మారకం చూసుకోండి. 2022 మధ్యలో డాలరుకి 690 కొలోన్లు (కోస్టారికా కరెన్సీ) దాటాయి, 2024కి 510, 520 దగ్గరకి వచ్చేసింది. అద్దె, కూరగాయలు, కరెంటు అన్నీ కలిపి ఏడు లక్షల కొలోన్లు ఖర్చయ్యే ఇంటికి అప్పుడు వెయ్యి డాలర్లు చాలు, తర్వాత 1,350 దాటింది. ధరలు పెరగకుండానే ఖర్చు మూడో వంతు పెరిగింది. వీడియోల్లో చూపించే ఖర్చులు ఏ ఏడాదివో ముందు చూడండి. పెన్షన్ డబ్బు ఆ దేశంలోకి తెచ్చి కొలోన్లలోకి మార్చిన రసీదులు రెన్యూవల్ అప్పుడు అడుగుతారు, ఒక ఫైల్లో దాచుకుంటూ పోండి.

వైద్యం గురించి. రెసిడెన్సీ అప్రూవ్ అయ్యాక కాహా అనే ప్రభుత్వ ఆరోగ్య పథకంలో తప్పనిసరిగా చేరాలి, మీరు ప్రకటించిన ఆదాయంలో కొంత శాతం నెలనెలా కట్టాలి, ఆ తర్వాతే చేతికి రెసిడెన్సీ కార్డు వస్తుంది. అప్పటిదాకా నెలలు పడుతుంది కాబట్టి ఆ మధ్యకాలానికి ప్రైవేటు ఇన్సూరెన్స్ తీసుకోండి, మీ బీపీకి కవర్ ఉందో లేదో రాతపూర్వకంగా అడగండి. కాహాలో డాక్టర్లు మంచివాళ్లే, కానీ స్పెషలిస్టు కోసం చాలాకాలం ఎదురుచూడాలి, అందుకే చాలామంది చిన్నవాటికి డబ్బిచ్చి ప్రైవేటుకి వెళ్తారు. మెడికేర్ అమెరికా బయట దాదాపు పనిచెయ్యదు. అయినా 65 వచ్చాక ఇద్దరూ పార్ట్ బి (మెడికేర్‌లో డాక్టర్ల ఖర్చులకి ఉన్న భాగం) తీసుకోమనే నేను చెబుతాను, 2025లో అది మనిషికి నెలకు 185 డాలర్లు. తీసుకోకుండా ఆగితే ఆగిన ప్రతి పూర్తి ఏడాదికీ 10 శాతం పెనాల్టీ, అదీ జీవితాంతం. పెద్ద ఆపరేషన్ అంటే మీరు పిల్లల దగ్గరికే వస్తారు, నాకు తెలిసిన ప్రతి కుటుంబమూ అలాగే వచ్చింది. 65 లోపు తిరిగి రావాల్సొస్తే, వచ్చిన 60 రోజుల్లో ప్రభుత్వ మార్కెట్‌ప్లేస్ ద్వారా దొరికే ఇన్సూరెన్స్‌లో చేరొచ్చు.

హైదరాబాద్ ఫ్లాట్ ఇప్పుడు కదపొద్దు. అమ్మితే ఇండియాలో టీడీఎస్, అమెరికాలో పన్ను, ఆ డబ్బుతో ఈ ఏడాది మీకు పనే లేదు. ఖమ్మంలో అమ్మగారున్నారు కాబట్టి, ఉన్నట్టుండి బయల్దేరాల్సి వస్తే రెండు టికెట్లకి సరిపడా డబ్బు విడిగా పెట్టండి. సాన్ హోసే నుంచి ఇండియాకి నేరుగా విమానం లేదు, మధ్యలో మారాలి.

అసలు ఆలస్యం అయ్యేది కాగితాల దగ్గర. ఇద్దరికీ ఎఫ్‌బీఐ క్లియరెన్స్ (నేరచరిత్ర తనిఖీ పత్రం), దాని మీద వాషింగ్టన్‌లో అపోస్టిల్ (కాగితం విదేశాల్లో చెల్లడానికి వేసే ప్రభుత్వ ధ్రువీకరణ), పెన్షన్ లెటర్‌కీ అపోస్టిల్, అన్నీ స్పానిష్‌లోకి అధికారిక అనువాదం. ఇవి డబ్బు కడితే అయిపోతాయి. బర్త్ సర్టిఫికెట్, పెళ్లి సర్టిఫికెట్ మాత్రం ఇండియా నుంచే రావాలి, ఢిల్లీలో విదేశాంగ శాఖ అపోస్టిల్‌తో. 1960ల్లో ఊళ్లో పుట్టినవాళ్లకి బర్త్ సర్టిఫికెట్ ఎక్కడుంటుంది చెప్పండి. బళ్లో వేసేటప్పుడు మేష్టారు జులై 1 అని రాసేశారు, అదే ఎస్సెస్సీ సర్టిఫికెట్‌లోకి, పాస్‌పోర్టులోకి వచ్చింది. పంచాయతీ రిజిస్టర్లో లేకపోతే ఆర్డీవో ఆర్డరు మీద ఆలస్యపు నమోదు చేయించాలి. మీ ఆవిడ విషయంలో పుట్టింటి ఇంటిపేరు ఒకటి, పాస్‌పోర్టులో మీ ఇంటిపేరు ఇంకొకటి, ఆ రెండింటినీ కలిపే కాగితం పెళ్లి సర్టిఫికెట్ ఒక్కటే, అదేమో గుళ్లో జరిగిన పెళ్లి, రిజిస్టర్ చేయించలేదని మీరే రాశారు. దరఖాస్తు ఆమె పేరున కాబట్టి ఇదే మొదటి పని. తీసిన కాగితాలు ఆరు నెలల్లోపువి కావాలి, అందుకని ఎఫ్‌బీఐది ఇప్పుడే తియ్యొద్దు, ఇండియావి చేతికొచ్చేటప్పుడు తియ్యండి.

ఈ వారం ఆమె సోషల్ సెక్యూరిటీ దరఖాస్తు ఆన్‌లైన్‌లో పెట్టండి, మీది ముట్టుకోకండి. ఖమ్మంలో మీ బావమరిదికి ఫోన్ చేసి, వాళ్ల అక్క పుట్టిన ఊరి పంచాయతీ రిజిస్టర్లో ఆ ఏడాది పేజీ చూడమనండి, పేరుంటే ఆ పేజీ ఫోటో నాకు పంపండి. అందులో తేదీ, ఇంటిపేరు ఎలా ఉన్నాయో చూశాక మిగతా తారీఖులు వేసుకుందాం.