ఇటలీలో చేసిన కౌబాయ్ రివాల్వర్లు ఎన్నాళ్ళు మన్నుతాయి? లేక అసలు కోల్ట్‌కే డబ్బు పెట్టాలా?

నా దగ్గర రెండున్నాయి. రెండూ ఉబెర్టీవి, ఇటలీ సరుకు, అమెరికా కంపెనీ కోల్ట్ 1873లో తెచ్చిన సింగిల్ యాక్షన్ ఆర్మీ రివాల్వర్‌కి నకళ్ళు. సింగిల్ యాక్షన్ అంటే ప్రతి తూటాకీ వెనకాలి హామర్‌ని, అంటే తూటాని కొట్టి పేల్చే సుత్తిని, చేత్తో లాగాలి. 2013లో కొన్నాను. డాలస్ దగ్గర నెలనెలా జరిగే కౌబాయ్ షూటింగ్ మ్యాచ్‌కి వాటినే పట్టుకెళ్తాను. ఎన్ని తూటాలు కాల్చానో డైరీలో రాసుకునే పిచ్చి ఉంది కాబట్టి చెప్పగలను: ఒక్కోదానిలోంచి పదకొండు వేల పైచిలుకు. రెండూ ఇప్పటికీ పనిచేస్తున్నాయి. జవాబు అయిపోయింది. ఇక్కడితో ఆపితే మా ఆవిడ సంతోషిస్తుంది. కానీ ప్రశ్న కింద మీరు "ఇటలీ ఉక్కు మెత్తనట, ఐదేళ్ళకే లూజైపోతుందట" అని రాశారు చూడండి, అది చదివాక ఊరుకోలేకపోతున్నాను.

ఆ మాట ఎవరు అంటారో నాకు తెలుసు. నా రెండు తుపాకుల ఖరీదుకి మించి పెట్టి ఒక్క కోల్ట్ కొని, దాన్ని మెత్తటి గుడ్డలో చుట్టి, దీపావళికి ఒకసారి వెండి సామాను తీసినట్టు తీసి చూసుకునేవాళ్ళు. కాల్చనిదానికి అరుగుదల ఎక్కడినుంచి వస్తుంది? పైగా ఆ పాత కోల్ట్‌ల ఉక్కు ఏమంత గొప్పదని? పొగరాని తుపాకిమందుతో కాల్చుకోవచ్చని కోల్ట్ వాళ్ళు భరోసా ఇచ్చిందే 1900లో. అంతకు ముందు ఇరవై ఏడేళ్ళు అమ్మినవన్నీ పొగ చిమ్మే పాతకాలపు నల్ల తుపాకిమందు కోసమే. ఈ రోజు ఇటలీలో కంప్యూటర్ మిషన్ల మీద కోస్తున్న ఉక్కు వాటికన్నా నయం. 1960లు, 70లలో వచ్చిన తొలినాటి ఇటలీ నకళ్ళు కొంచెం మొరటుగానే ఉండేవి, ఒప్పుకుంటాను. ఉబెర్టీ కంపెనీ పెట్టిందే 1959లో, అదీ తూటా కాదు, మందు కూరి కాల్చే పాత కోల్ట్ రివాల్వర్ 1851 నేవీ నకలుతో. ఆ కాలపు చెడ్డపేరే ఇంకా నడుస్తోంది. మన దగ్గర ఒకసారి "ఆ హోటల్లో సాంబారు బాగుండదు" అన్నారంటే వంటవాడు నలుగురు మారినా ఆ మాట పోదు కదా, అలాగన్నమాట.

సరే, నా సంగతి. ఈ ఆటలో అందరూ పాతకాలపు వేషం వేయాలి, ఒక మారుపేరు పెట్టుకోవాలి. నాది గోంగూర కిడ్. ఎందుకు పెట్టుకున్నానో ఇప్పటికి ఓ వందమందికి వివరించి ఉంటాను, గోంగూర అంటే ఏమిటో కూడా. 1971లో కృష్ణ గారు టోపీ పెట్టి గుర్రమెక్కిన దగ్గర్నుంచి మన తెలుగువాళ్ళ నెత్తిన ఈ దయ్యం ఉంది. మా నాన్న తెనాలిలో దర్జీ. ఆయనకు సినిమా పిచ్చి, నాకు ఆయన పిచ్చి. హెచ్1బి మీద ఉన్నన్నాళ్ళూ కంచె ఇవతల నిలబడి చూడటమే. గ్రీన్ కార్డ్ వచ్చాకే కొన్నాను. కొన్న మొదటి మూడేళ్ళు ఏం చేశానంటే, రాత్రిపూట పిల్లలు పడుకున్నాక ఖాళీ తుపాకీ పట్టుకుని హాల్లో నిలబడి, ట్రిగ్గర్ నొక్కి ఉంచి, ఎడమ అరచేత్తో హామర్‌ని టపటపా వెనక్కి కొట్టేవాణ్ణి. సినిమాల్లో చూసే ఉంటారు, ఫ్యానింగ్ అంటారు. ఎన్ని వందలసార్లో లెక్క రాసుకోలేదు. డైరీలో రాసుకోనిది అదొక్కటే.

2016 జులై. టెక్సాస్ ఎండ. మన రెంటచింతల వాళ్ళు కూడా నోరు మూసుకునే ఎండ. నాలుగో స్టేజ్, అంటే మ్యాచ్‌లో నాలుగో అంకం. చెక్కతో బ్యాంకు ముందుభాగం కట్టారు, దాని ముందు నిలబడి పది తూటాలు రివాల్వర్లతో, పది రైఫిల్‌తో, నాలుగు షాట్‌గన్‌తో. గురి తప్పినదానికల్లా ఐదు సెకన్లు కలుపుతారు. మొదటి రివాల్వర్ ఐదు చక్కగా కాల్చాను. రెండోది తీశాను. ఒకటి, రెండు. మూడోదానికి హామర్ లాగితే చేతికి ఏదో తేడా తెలిసింది. రోజూ వినపడే టక్ లేదు. తూటాలుండే సిలిండర్ ఎక్కడ ఆగాలో అక్కడ ఆగకుండా, జాతరలో రంగులరాట్నంలా అటూ ఇటూ ఊగుతోంది. తూటా గొట్టానికి ఎదురుగా లేకుండా కాలితే ఏమవుతుందో తెలుసు కాబట్టి అక్కడే ఆగి, తుపాకీ మొన ముందుకే ఉంచి బల్ల మీద పెట్టేశాను. మిగిలిన మూడూ తప్పిన లెక్కలోకే పోయాయి. పదిహేను సెకన్లు. చెమటకి మీసం రంగు కారుతోంది, అది వేరే అవమానం.

ఇక పోయింది, ఇటలీ ఇనుము మెత్తనని వాళ్ళన్నది నిజమే అనుకున్నాను. తూటాలు ఖాళీ చేసే బల్ల దగ్గర డెబ్బై దాటిన పెద్దాయన ఒకరున్నారు, ఫ్యాక్టరీలో లేత్ పనిచేసి రిటైరైనాయన. "ఇటు తే" అని తీసుకుని, పిప్పరమెంట్ బిళ్ళల డబ్బా ఒకటి జేబులోంచి తీశారు. దాన్నిండా స్ప్రింగులు, స్క్రూలు. కింది స్క్రూలు విప్పి ట్రిగ్గర్ గార్డ్ ఊడదీసి లోపల చూపించారు. రెండు కాళ్ళ బల్లపరుపు స్ప్రింగు ఒకటుంటుంది. ఒక కాలు ట్రిగ్గర్‌ని నెడుతుంది, రెండోది సిలిండర్‌ని పట్టి ఆపే చిన్న గొళ్ళేన్ని నెడుతుంది. గొళ్ళెం వైపు కాలు విరిగిపోయింది. కాళ్ళు చీలే మూలలో సన్నటి పగులు మొదలై, లక్ష సార్లు వంగి వంగి విరుగుతుందట. "అసలు కోల్ట్‌లోనూ ఇదే స్ప్రింగు, ఇలాగే విరుగుతుంది. 1873 నుంచి విరుగుతూనే ఉంది" అన్నారు. కొత్తది పెట్టడానికి పది నిమిషాలు. దాని ఖరీదు ఇక్కడ ఒక ప్లేటు ఇడ్లీ అంత.

అక్కడితో అయిపోతే బాగుండేది. ఆయన సిలిండర్ బయటికి తీసి, కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి, గొళ్ళెం దిగే గుంటల్ని ఒక్కొక్కటే చూశారు. అంచులు నలిగి పైకి లేచి ఉన్నాయి. నా ముఖం చూసి "ఇంట్లో ఫ్యానింగ్ చేస్తావా?" అని అడిగారు. లేదన్నాను. ఆయన మళ్ళీ గుంటలు చూశారు. నేను బూట్లు చూసుకున్నాను. స్ప్రింగు దాని పాటికి అది విరిగింది గానీ ఈ గుంటలు మాత్రం నీ పనే అన్నారు. తిరిగే సిలిండర్‌ని అంత వేగంలో గొళ్ళెం ఒక్కసారిగా పట్టి ఆపితే ఏ ఉక్కయినా నలుగుతుందట, అది ఇటలీదైనా ఇంకెక్కడిదైనా. స్ప్రింగుకి డబ్బులిస్తానంటే పుచ్చుకోలేదు. నా సంచిలో ఉన్న చేగోడీలు మాత్రం తిన్నారు. అప్పట్నుంచి ప్రతి మ్యాచ్‌కీ ఆయన వాటా ఒక డబ్బా పట్టుకెళ్ళాల్సిందే.

ఇంటికొచ్చాక మా నాన్న కుట్టుమిషన్ గుర్తొచ్చింది. సింగర్ మిషన్, నేను పుట్టకముందుది. సూదులు వందలు మారాయి, బెల్టు ఎన్నిసార్లు తెగిందో, బాబిన్ కేసులో చిన్న స్ప్రింగు పోతే గుంటూరు వెళ్ళి తెచ్చేవారు. ఒక్కసారి కూడా మిషన్ పోయిందనలేదు. "సూది పోయింది" అనేవారు. మనం మాత్రం ఓ చిన్న ముక్క విరగ్గానే ఆన్‌లైన్‌లో ఎక్కి "ఇటలీ చెత్త" అని రాసేస్తాం. యూట్యూబ్‌లో అయితే డబ్బాలోంచి తీసి యాభై తూటాలు కాల్చి మన్నిక మీద తీర్పు చెప్పే మహానుభావులున్నారు. పెళ్ళిచూపుల్లో కాపురం గురించి చెప్పినట్టు.

నా డైరీ ప్రకారం పన్నెండేళ్ళలో మార్చినవి ఇవీ: ఆ రెండుకాళ్ళ స్ప్రింగు రెండుసార్లు (రెండోసారి తీగ స్ప్రింగు వేశాను, అది విరగలేదు), సిలిండర్‌ని తిప్పే ముక్క వెనకాల స్ప్రింగు ఒకసారి, సిలిండర్ మధ్య ఇరుసు ఒకటి, మ్యాచ్ మధ్యలో ఊడి గడ్డిలో పడిపోయిన ఒక స్క్రూ. స్క్రూలు ఊడటమే ఈ తుపాకులకు నిజమైన రోగం, కాల్చిన అదురుకి వదులవుతాయి. మా ఆవిడ గోళ్ళరంగు ఒక్క చుక్క మరల్లో వేసి బిగిస్తే కదలవు. ఆవిడ ఎర్రరంగు సీసాలు ఎందుకు త్వరగా అయిపోతాయో ఇది చదివితే తెలిసిపోతుంది. రూగర్ అనే ఇంకో అమెరికా తుపాకుల కంపెనీ వాళ్ళు 1950లలోనే ఈ బల్లపరుపు స్ప్రింగులు తీసేసి చుట్టల స్ప్రింగులు పెట్టారు. విరగడమే మీ భయమైతే అది కొనుక్కోండి, వాదించను. కానీ హామర్ లాగితే కోల్ట్‌లో వినిపించే ఆ నాలుగు టక్‌లు అందులో రావు. నాకు అవే కావాలి.

ఉక్కును నిజంగా చంపేవి రెండు. ఒకటి అత్యాశ. .45 కోల్ట్ తూటాకి నిర్ణయించిన గరిష్ఠ ప్రెషర్ 14,000 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు). రూగర్ కోసం ఘాటుగా నింపిన తూటాల్ని ఈ నకళ్ళలో వేసేవాళ్ళున్నారు. అలాంటి పని చేసి సిలిండర్ ఉబ్బితే ఇటలీని తిట్టకండి. మా మ్యాచ్‌ల్లో సీసపు తూటాలే వాడాలి, రివాల్వర్ తూటా వేగం సెకనుకి 1,000 అడుగులు దాటకూడదు. అందుకే ఇన్ని వేలు కాల్చగలిగాం. రెండోది తోలు. హ్యూస్టన్‌లో ఒక తెలుగు మిత్రుడు కొత్త తుపాకీని తోలు ఒరలోనే పెట్టి అల్మారాలో వదిలేశాడు. అక్కడి గాలి బందరు గాలికేం తీసిపోదు. ఆరు నెలల తర్వాత తీస్తే తోలు ఆనిన మేరా తుప్పు. యాభై తూటాలు కూడా కాల్చలేదు పాపం, పదకొండు వేలు కాల్చినదాని కన్నా అధ్వాన్నంగా ఉంది.

సెకండ్‌హ్యాండ్‌లో కొనొచ్చా అని కూడా అడిగారు. కొనొచ్చు. అమ్మేవాడి మాటలు పక్కనబెట్టి ముందు స్క్రూల నెత్తి చూడండి. గాట్లు చెదిరి ఉంటే ఎవరో వంటింటి స్క్రూడ్రైవర్‌తో లోపల వేలు పెట్టారని అర్థం. సిలిండర్ చుట్టూ గీత ఉంటే బెంబేలెత్తకండి, హామర్‌ని సగంలోంచి కిందికి దించే అలవాటున్నా ఆ గీత పడుతుంది. గుంటల అంచులు గోటితో తడిమి చూడండి. తర్వాత అమ్మేవాణ్ణి అడిగి, ఖాళీ అని రెండుసార్లు చూసుకుని, హామర్ పూర్తిగా లాగి సిలిండర్‌ని వేళ్ళతో కదిపి చూడండి. నా మొదటిది ఇప్పటికీ పిసరంత కూడా కదలదు. రెండోది కొంచెం ఊగుతుంది. ఎందుకో పైన చెప్పాను.